గద్బాన్ బావి దగ్గరి తెల్లగుడ్డ

ఆ పొద్దున నౌఫా మేకతోలు తిత్తిలో మజ్జిగ చిలుకుతోంది. ఆమె కూతురు, ఆరేళ్ల ఫిద్దా, చేతులు బారచాపి గుడారం చుట్టూ పరిగెడుతూ 'గుయ్‌య్...' అని విమానం చప్పుడు చేస్తోంది. యూఫ్రటీస్ నదికి దక్షిణాన ఆ ఎడారిలో పిల్లలందరికీ ఆ ఏడు అదే ఆట. పెద్దలు మాత్రం ఆ చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి ఆకాశంకేసి చూసేవాళ్లు.

"కాసేపు నోరు మూసుకోవే. తల పగిలిపోతోంది," అన్నాడు నౌఫా మొగుడు దహామ్.

"దానిమీద అరుస్తావేం? విమానాల్ని తెచ్చింది అదా?" అంది నౌఫా.

దహామ్ తల దించుకుని ఒంటె జీనుకు తాడు బిగించుకున్నాడు.

తెల్లవాళ్ల సర్కారుకు ఆ ఎడారిని నేలమీద నిలబడి ఏలడం చేతకాలేదు. అందుకని ఆకాశం నుంచి ఏలడం మొదలుపెట్టింది. పన్ను ఎగ్గొట్టిన గుంపుల మీదా, దక్షిణం నుంచి వచ్చే దోపిడీ మూకల మీదా విమానాలు బాంబులు వేసేవి. పైనుంచి చూస్తే మేకవెంట్రుకలతో నేసిన నల్ల గుడారాలన్నీ ఒకటే కదా. తమకు అణగి ఉండే ప్రతి గుంపుకీ సర్కారు దొర ఒక పెద్ద తెల్లగుడ్డ ఇచ్చాడు. చప్పుడు వినపడగానే దాన్ని గుడారాల ముందు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి. గుడ్డ కనపడితే విమానం వెళ్లిపోతుంది. కనపడకపోతే వెళ్లదు.

నిరుడు ఎండాకాలం దొర దహామ్ చేతికి రెండు గుడ్డలిచ్చాడు. ఒకటి అతనికి. రెండోది సగం రోజు దూరంలో ఉన్న అతని చిన్నాన్న కొడుకు గద్బాన్‌కి అందించమని. అన్నదమ్ములిద్దరికీ ఒక బావి మీద పాత తగాదా ఉంది. గద్బాన్ బావి నీళ్లు తియ్యన. దహామ్ బావి నీళ్లకు ఒంటెలు కూడా మొహం చిట్లించేవి. రేపు ఇద్దాంలే అనుకున్నాడు దహామ్. మర్నాడూ అదే అనుకున్నాడు. నాలుగో రోజు ఆ గుడ్డను బార్లీ గోతం అడుగున పెట్టి, మూతి కుట్టేశాడు. చంపమంటే భయపడే మనిషే, రేపు చూద్దాంలే అనడానికి ఏమాత్రం జంకడు.

ఆరో రోజు గద్బాన్ గుడారాల మీద విమానాలు తిరిగాయి. ఒక్క ప్రాణి మిగల్లేదు. దహామ్ వెళ్లి అందరికంటే బిగ్గరగా ఏడ్చాడు. శవాలకు చుట్టడానికి తెల్లబట్ట చాలలేదు. గద్బాన్ కూతురు హిస్సాకు ఫిద్దా ఈడే. ఫిద్దాతో కలిసి ఆడుకున్న పిల్ల. ఆమెను మాత్రం కాలిన గుడారపు నల్లగుడ్డలోనే చుట్టి పూడ్చారు. తన గోతంలో కొత్త తెల్లగుడ్డ ఉందని తెలిసీ దహామ్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. నెల తిరక్కుండా తన ఒంటెల్ని ఆ బావికి తోలుకెళ్లాడు. అక్కడ కాపురం పెట్టడానికి మాత్రం నౌఫా ససేమిరా అంది.

మజ్జిగ చిలకడం పూర్తికాకముందే సర్కారు రౌతు ఒకడు వచ్చాడు. ఒంటె దిగను కూడా దిగలేదు.

"దోపిడీ మూక హద్దు దాటింది. ఇవాళ విమానాలొస్తాయి. గుడ్డ పరుచుకోండి," అని వెళ్లిపోయాడు.

దక్షిణాన ఆకాశం ఎర్రబడుతోంది. దుమ్ము లేస్తోంది. దహామ్ గుడారంలోకి వెళ్లి నడిమి గుంజ దగ్గర చూశాడు. ఎప్పుడూ అక్కడే వేలాడే తమ గుడ్డ లేదు.

"నౌఫా, గుడ్డ ఏదీ?"

"పొద్దున్నే నువ్వే వచ్చి పట్టుకెళ్లావు కదా?"

"నేనా? నేను ఒంటెల దగ్గరున్నాను."

నౌఫా మొహం పాలిపోయింది. "వచ్చినవాడు నీ అంగీలాంటిదే మొహం కనపడకుండా కప్పుకున్నాడు. మాట్లాడలేదు, చెయ్యి చాపాడు. నువ్వే అనుకుని ఇచ్చాను." గొంతు తగ్గించింది. "మేకవెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. పొయ్యి దగ్గరనుంచి వచ్చావేమో అనుకున్నా."

దహామ్ ఇక ఆలోచించలేదు. గోతాల మీద పడి, అన్నిటికంటే అడుగున ఉన్నదాన్ని బయటికి లాగాడు. కుట్టు కుట్టినట్టే ఉంది. కత్తితో చీల్చి, బార్లీ కుమ్మరించి, గుడ్డను పైకి తీశాడు. నౌఫా దానికేసి చూసింది. మొగుడికేసి చూసింది. ఏడాదిపాటు తనకు అర్థంకానిదంతా ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

"అది వాళ్లది," అంది మెల్లిగా.

"నోర్ముయ్యి. రాళ్లు తీసుకురా."

ఆమె కదల్లేదు. దహామ్ ఒక్కడే గుడ్డను బయటికి ఈడ్చుకెళ్లి పరిచాడు. మూడు మూలలా రాళ్లు పెట్టాడు. ఈలోగా దుమ్ము వచ్చి మీద పడింది. పట్టపగలే ఇటుకరంగు చీకటి కమ్మింది. నోట్లో ఇసుక. చెవుల్లో ఈల. ఆ ఈల వెనక, ఎక్కడో దూరంగా, విమానాల చప్పుడు...

"నాన్నా, ఈ మూల నేను పట్టుకుంటా," అంటూ ఫిద్దా పరిగెత్తుకొచ్చి నాలుగో మూల మీద కూచుంది.

"లోపలికి పో!"

"నేను బరువుగానే ఉన్నా నాన్నా. ఎగరదులే."

అప్పుడు మొదటి రాయి కదిలింది. గాలికి కాదు. ఎవరో రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టినట్టు, నెమ్మదిగా కదిలింది. తర్వాత రెండోది. ఇసుకలో గుడ్డ చుట్టూ పాదాల గుర్తులు పడుతున్నాయి. మనుషులు లేరు. గుర్తులే...

దహామ్ గుడ్డ మీద బోర్లాపడి రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. కాలిన వెంట్రుకల వాసన ముక్కు పగలగొట్టింది. మూడో రాయి కదిలింది. చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు.

"ఇది మాది, అన్నా."

గద్బాన్ గొంతు. కోపం లేదు. అరువిచ్చిన గిన్నె తిరిగి అడిగినంత మామూలుగా అడిగాడు. దహామ్ చేతుల కిందనుంచి గుడ్డ జారిపోయింది. "నాన్నా..." అని ఒక్కమాట వినపడింది. ఆ వెంటనే విమానాలు నెత్తిమీదికి వచ్చేశాయి.

అతనికి తెలివి వచ్చేసరికి దుమ్ము అణిగింది. తమ గుంపువాళ్ల నాలుగు గుడారాలూ కాలిపోతున్నాయి. నౌఫా గుంజ పక్కనే, రాళ్లు తెమ్మన్నప్పుడు కదలని చోటే ప్రాణం లేకుండా పడి ఉంది. ఫిద్దా మాత్రం బతికినవాళ్లలోనూ లేదు, చచ్చినవాళ్లలోనూ లేదు. సాయంత్రం దాకా గోళ్లు ఊడేలా ఇసుక తవ్వాడు.

పొద్దు వాలే వేళకు దొర లారీ వచ్చింది. దొర ఏదో అన్నాడు. పక్కనున్న దుబాసీ కళ్లు దించుకుని చెప్పాడు.

"ఇక్కడ గుడ్డ కనపడలేదట. గద్బాన్ బావి దగ్గర మాత్రం రెండు గుడ్డలు చక్కగా పరిచి ఉన్నాయట. చుట్టూ జనం నిలబడి చేతులూపారట. అందుకని వాళ్లను వదిలేశారు."

"అక్కడ ఎవరూ లేరు," అన్నాడు దహామ్. "అందర్నీ నేనే పూడ్చాను."

"మేం వెళ్లి చూస్తే ఎవరూ లేని మాట నిజమే. రెండు గుడ్డల్లో ఒకటి మాయమైంది. రెండోది బావి ఒడ్డున కట్టగా ముడివేసి ఉంది. మా సిపాయిలు విప్పనన్నారు. నీ చుట్టాలది కదా అని నీకే తెచ్చాం."

ఇద్దరు సిపాయిలు మొహాలు పక్కకు తిప్పుకుని, లారీలోంచి తెల్లటి కట్టను దించి అతని ముందు పెట్టారు. తల దగ్గర ఒకటి, నడుం దగ్గర ఒకటి, కాళ్ల దగ్గర ఒకటి శవానికి కట్టినట్టు మూడు ముడులు వేసి ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల పొడవు. అంతకు ఒక్క వేలెడు కూడా ఎక్కువ లేదు.

దహామ్ తలవైపు ముడి మీద చెయ్యి వేశాడు. లోపలినుంచి సన్నగా, ఆటలో మునిగిన పిల్లల్లాగా, చప్పుడు మొదలైంది.

'గుయ్‌య్...'

ఒక గొంతు కాదు, రెండు. ఒకటి ఫిద్దాది. రెండోది కూడా అతనికి తెలిసిన గొంతే, నిరుడు నల్లగుడ్డలో చుట్టి పూడ్చిన పిల్లది.