తోమినవాళ్ళకే వినిపించే ఎల్వుడ్

షేల్ రన్ రైఫిల్ క్లబ్బులో చీకటి పడ్డాక తోముడు గదికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ఇద్దరేసి వెళతారు. వెళ్ళి, "నువ్వు ముందు... కాదు, నువ్వు ముందు" అనుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడి, తుపాకులు తోమకుండానే ఇంటికి పోతారు.

హాలు వెనకాల రేకుల షెడ్డు అది. ఒకప్పుడు తుపాకులు హాల్లోనే తోమేవారు. మసి కరిగించే మందు కంపుకి బంగాళదుంప కూరి చేసే పిరోగీ కజ్జికాయలు కూడా అదే రుచి వస్తున్నాయని వంటింటి ఆడవాళ్ళు గరిటెలు కింద పడేశారు. దాంతో తోముడంతా షెడ్డుకి పోయింది. దాంతోపాటు ఎల్వుడ్డూ పోయాడు.

క్లబ్బులో తోమడమంటే ఎల్వుడ్డే. గొట్టంలోకి తోసిన గుడ్డపీలిక తెల్లగా బయటికొచ్చేదాకా ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు. "ఊహూఁ... ఇంకోటి" అనేవాడు, పీలిక వంక చూడకుండానే.

నిజానికి ఆయన ప్రాణం పోయింది షెడ్డులో కాదు. ఫ్లోరిడాలో, కూతురింట్లో, ఉతికిన దుప్పటి కింద. అయినా దెయ్యం మాత్రం పెన్సిల్వేనియాలోని ఈ షెడ్డుకి తిరిగొచ్చేసిందట. తోమాల్సిన గొట్టాలన్నీ ఇక్కడే ఉన్నాయి మరి.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని తోముతూ ఉంటే... పని అయిపోవస్తుండగా... వెనకాల సన్నగా మూలుగు. "ఊఁ..." అని. ఆ కిటికీకి ఒక అద్దం పగిలిపోయింది. దాన్ని ఎల్వుడ్డే పగలగొట్టాడని, బాగుచేస్తే కోపం వస్తుందని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకో విచిత్రం — ఆ మూలుగు ఒళ్ళొంచి తోమేవాళ్ళకే వినపడేది. పైపైన తుడిచి లేచిపోయేవాళ్ళ జోలికి ఎల్వుడ్ వచ్చేవాడు కాదు.

దీన్ని హార్లన్ బాగా వాడుకున్నాడు. తోమనివాళ్ళ పార్టీకి ఆయనే నాయకుడు. చిన్న తుపాకీ గొట్టంలో సీసం పూత ఉంటేనే గుండు సాఫీగా పోతుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతమని ఆయన అంటాడు, బద్ధకమని ఆయన భార్య అంటుంది. "చూశారా, తోమితే ఏమవుతుందో" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పి, సగం మందిని తన వైపు లాక్కున్నాడు.

ఆ నవంబరు శనివారం మార్లాకి మాత్రం షెడ్డుకి వెళ్ళక తప్పలేదు.

మర్నాడే టర్కీ పందెం. కాగితం మీది చుక్కకి ఎవరి గుండు దగ్గరగా పడితే టర్కీ కోడి వాళ్ళది. మార్లా అత్తగారు బెర్నడీన్ ఈసారి థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కొనలేదు. "కోడలు గెలుచుకొస్తుంది" అని చర్చిలో చెప్పింది, పోస్టాఫీసులో చెప్పింది, చుట్టాలందరినీ భోజనానికి పిలిచింది. గెలవకపోతే బల్ల మధ్యలో బీన్సు గిన్నె పెట్టుకుని దాని చుట్టూ కూర్చోవాలి.

తీరా మధ్యాహ్నం సాధనలో చూస్తే, మార్లా గుళ్ళు పెళ్ళిలో అలిగిన చుట్టాల్లా తలో మూలా పడ్డాయి.

రైఫిలు ఆమె భర్త డ్వైట్‌ది. డ్వైట్‌ది హార్లన్ పార్టీ. కొన్నప్పట్నుంచీ ఒక్కసారి తోమిన పాపాన పోలేదు. పైగా అది తొడుగు గొట్టం — లోపల సన్నటి ఉక్కు గొట్టం, దానిమీద లావుపాటి తొడుగు, మధ్యలో ఖాళీ, మూతి దగ్గర తొడుగుకి వరసగా బెజ్జాలు. ఆ బెజ్జాలు మసితో పూడిపోయి, అవి ఉన్నాయన్న సంగతే డ్వైట్ మర్చిపోయాడు. ఊళ్ళో కొట్టువాడు ఒక్కసారే లాటుగా తెప్పించి అంటగట్టడంతో, క్లబ్బులో దాదాపు అందరివీ ఆ రకమే.

"వద్దు మార్లా," అన్నాడు హార్లన్, హాల్లో పిరోగీ నములుతూ. "చీకటి పడింది. అక్కడ ఎల్వుడ్ ఉంటాడు."

"ఉంటే మంచిదే. ఓ చెయ్యి వెయ్యమంటాను."

"నవ్వులాట కాదమ్మాయ్. పోయిన ఏడు లెస్టర్ టోపీ అక్కడే వదిలేసి పరిగెత్తాడు."

"టోపీ దొరికితే తెచ్చిపెడతాలే."

బెర్నడీన్ పెనం మీంచి తలెత్తలేదు. "వెళ్ళనీ హార్లన్. దెయ్యం పట్టినా విడిపించుకోవచ్చు. పండగపూట టర్కీ లేకపోతే నా తల ఎక్కడ పెట్టుకోను?"

మార్లా వెళ్ళింది.

షెడ్డులో ఒకటే దీపం. బోల్టు తెరిచి, లోపల గుండు లేదని వేలుపెట్టి మరీ చూసుకుని, రైఫిల్ని కిటికీ పక్క బల్లమీద పడుకోబెట్టింది. వెనక వైపు నుంచి గొట్టంలోకి మందు పట్టించి కాసేపు నాననిచ్చింది. ఇత్తడి బ్రష్‌కి రాగిపీచు చుట్టి తోస్తే... సీసం బూడిదరంగు పొరలు పొరలుగా ఊడొచ్చింది. పీలికలు బొగ్గులా వచ్చాయి, తర్వాత బురదలా, తర్వాత కాఫీలా.

తొడుగు మూతి దగ్గర నల్లటి పెచ్చు. పుల్లతో గుచ్చింది. ఒక బెజ్జం తెరుచుకుంది. పక్కన ఇంకోటి. గొట్టాన్ని వంచితే మధ్య ఖాళీలోంచి నల్లరసం కారింది.

ఆఖరి పీలిక తోసింది. తెల్లగా వచ్చింది.

"ఊఁ..."

మార్లా చెయ్యి ఆగిపోయింది.

"ఊఁ... ఊఁ..."

మెల్లగా వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. కొక్కేనికి లెస్టర్ టోపీ ఒక్కటే వేలాడుతోంది.

"ఎల్వుడ్?" అంది గుసగుసగా. "తెల్లగానే వచ్చింది కదా... ఇదిగో, చూడు."

"ఊఁ..."

చటుక్కున రైఫిలు గొట్టం మూతి దగ్గర ఒడిసిపట్టుకుంది. మూలుగు ఆగిపోయింది.

మార్లాకి కొంచెం ధైర్యం వచ్చింది. చచ్చినా తుపాకీ అంటే భయం పోలేదన్నమాట. నూనె పూయడానికి చెయ్యి తీసింది.

"ఊఁఁఁ..."

మళ్ళీ పట్టుకుంది. నిశ్శబ్దం. వదిలింది. మూలుగు. పట్టుకుంది...

ఇలాగైతే తెల్లారేదాకా ఎల్వుడ్‌తో దాగుడుమూతలే. నూనె సంగతి ఇంటి దగ్గర చూసుకోవచ్చు. బ్రష్ ఒక చేత్తో, రైఫిలు కర్రపిడి రెండో చేత్తో పట్టుకుని, గుమ్మం దాటి పరుగు లంకించుకుంది.

ఎల్వుడ్ వెనకే వచ్చాడు.

వెనక కూడా కాదు... భుజం పక్కనే. ఆమె నడిస్తే సన్నగా మూలిగాడు. పరిగెడితే ఊళ పెట్టాడు. ఎదురుగాలి తగిలేసరికి రెండు గొంతులతో ఎత్తుకున్నాడు. ఫ్లోరిడా నుంచి తోడుగా ఇంకొకణ్ణి తెచ్చుకున్నాడు కాబోలు అనుకుంది.

హాలు తలుపు భుజంతో తోసింది. ఆమెతోపాటు గాలీ లోపలికి వచ్చింది. గాలితోపాటు —

"ఊఁఁఁ..."

హార్లన్ కుర్చీ మీద నుంచి నేరుగా బల్ల ఎక్కాడు. మధ్యలో నేల తగిలినట్టు ఎవరూ చూడలేదు. డ్వైట్ పెళ్ళానికి అడ్డం వెళదామని లేచి, బల్ల కిందికి వెళ్ళాడు.

"నేను తోమలేదు ఎల్వుడ్," హార్లన్ గొంతు పీలగా వచ్చింది. "నేనెప్పుడూ తోమలేదు. ఆ అమ్మాయే."

బెర్నడీన్ చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది. కోడల్ని చూసింది. తెరిచిన తలుపు చూసింది. గొట్టం మూతి చూసింది. పిండి చేతిని ఆ బెజ్జాల మీద పెట్టింది.

ఆగిపోయింది.

తీసింది.

"ఊఁ..."

"ఖాళీ సీసా మూతి మీద ఎప్పుడూ ఊదలేదా మీరు?" అంది. "ఇన్నాళ్ళూ ఇవి మసితో పూడిపోయి ఉన్నాయి. మార్లా శుభ్రంగా తోమింది, బెజ్జాలు తెరుచుకున్నాయి, గాలి దూరింది. పిల్లనగ్రోవిని చూసి బల్ల ఎక్కావు హార్లన్. దిగు. అది తినే బల్ల."

బల్ల కింద నుంచి డ్వైట్, "నాకు ముందే అనుమానం వచ్చింది" అన్నాడు.

"అంటే అక్కడ తోమినవాళ్ళందరూ..." అంది మార్లా.

"బాగా తోమినవాళ్ళు. పగిలిన కిటికీ పక్కన."

మార్లా అలాగే బయటికి నడిచి, దీపాలు పెట్టిన సాధన వరుసలో రైఫిలు గురిపెట్టి బోర్లా పడుకుంది. మొదటి రెండు గుళ్ళకీ కొత్తగా తోమిన గొట్టం బెట్టు చేసింది. తర్వాత పేల్చినవన్నీ ఒక్క బొత్తాం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.

హార్లన్ ఆ కాగితాన్ని దీపం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు. చుట్టూ చూసి, తన పార్టీవాళ్ళు దూరంగా ఉన్నారని తేల్చుకున్నాక, గుసగుసగా అడిగాడు —

"మార్లా... ఆ బ్రష్ ఓసారి ఇస్తావా?"

మార్లా ఇవ్వబోయింది. బెర్నడీన్ మధ్యలోనే అందుకుని, మసి బ్రష్‌ని తెల్లటి ఏప్రన్ జేబులో దోపుకుంది.

"రేపు పందెం అయ్యాక తీసుకో హార్లన్. అప్పటిదాకా నీ సిద్ధాంతం ఉందిగా."