పసుపులోనే ఆగిపోయిన పేజీలు

"మగ్గులు మాత్రం వద్దు," అంది ఆమె, నా బహుమతుల లిస్టు పూర్తిగా చూడకుండానే.

"మగ్గులకేమైందండీ?"

"పోయినసారి మీరిచ్చిన మగ్గులో మా నాన్న షేవింగ్ బ్రష్ పెట్టుకుంటున్నారు."

లైబ్రేరియన్ గారు దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ మగ్గుల మీద బొమ్మ వేసింది నేనే మరి.

మేం ముగ్గురం లైబ్రరీ వెనకగదిలో కూర్చుని ఆన్‌లైన్ ప్రూఫ్‌రీడింగ్ పోటీకి ఏర్పాట్లు చేస్తున్నాం. పాత పుస్తకాలను స్కాన్ చేసి సైట్‌లో పెడితే, కంప్యూటర్ తనకు తోచినట్టు టైపు చేసి పెడుతుంది. ఆ తప్పులన్నీ వాలంటీర్లు దిద్దాలి. దిద్దిన పేజీ పసుపురంగులోకి మారుతుంది. ఇంకొకరు సరిచూసి సరేనంటే ఆకుపచ్చ అవుతుంది.

నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తాను. ఆమె ఫిజియోథెరపిస్టు. ఎనిమిది నెలలుగా నా పేజీలు సరిచూస్తున్నది ఆమే. పొద్దున్నే ఫోన్ తెరిస్తే నేను దిద్దినవన్నీ ఆకుపచ్చగా ఉండేవి. ఆ రంగు చూడందే నాకు కాఫీ గొంతు దిగేది కాదు. ఆమె అంటే నాకిష్టమని ఆమెకు తప్ప అందరికీ తెలుసు. మా అక్కయితే రోజూ ఏడిపిస్తుంది.

చివరికి బహుమతి విషయంలో ఆమె మాటే నెగ్గింది. వంద పేజీలు దిద్దినవాళ్లకు, వాళ్లు దిద్దిన పుస్తకాన్నే అచ్చువేయించి ఇవ్వాలి. ప్రచారం నా నెత్తిన పడింది. ముప్పై సెకన్ల వీడియోలో నన్నే మాట్లాడమంది.

"కాస్త నవ్వండి."

"నవ్వుతున్నానుగా!"

"పన్ను పీకించుకుంటున్నట్టుంది."

పదకొండోసారికి ఓకే అంది.

అప్పుడు లైబ్రేరియన్ గారు గొంతు సవరించుకున్నారు. "పోయినసారి ఇద్దరు స్నేహితులు ఒకరి పేజీలు ఒకరు చదవకుండానే పాస్ చేసుకుని ఫస్ట్ ప్రైజ్ కొట్టేశారు. ఈసారి ఎవరికి ఎవరు దగ్గరివాళ్లో ముందే షీట్‌లో రాయాలి. దగ్గరివాళ్ల పేజీలు చూడకూడదు. ఇవాళ్టినుంచే, మనకి కూడా."

"ఆ నియమం ఉండాల్సిందే," అంది ఆమె వెంటనే. షీట్ పని తనే తీసుకుంది. నా వైపు చూడనైనా లేదు.

మర్నాడు నా పేజీలు పసుపులోనే ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. మూడోరోజుకి ముప్పై ఏడయ్యాయి.

"పోస్టర్ పంపాను, చూశారా?" అని మెసేజ్ పెట్టాను.

"చూశాను."

"బాగుందా?"

"బాగుంది."

అంతే. మగ్గుల గొడవకే అలిగిందా? వీడియో దగ్గర నేనే విసుక్కున్నానా? షాపులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఒక పెద్దాయన కళ్లజోడుకి కుడి అద్దం ఎడమవైపు బిగించేశాను.

"బాబూ, లోకమంతా వంకరగా కనిపిస్తోంది," అన్నాడాయన.

"నాకూ అంతేనండీ," అన్నాను.

సాయంత్రం పోస్టర్ చుట్టి పట్టుకుని ఆమె క్లినిక్‌కి వెళ్లాను. గోడకి అంటిస్తాననేది వంక. ఆమె ఒక మామ్మగారి చేత మోకాలి వ్యాయామం చేయిస్తోంది.

"కాలు పైకెత్తి ఉంచండి మామ్మగారూ. నేను చెప్పేదాకా దించకండి."

నాకు ఆగబుద్ధి కాలేదు. "నా పేజీలెందుకు చూడట్లేదు?"

ఆమె వింతగా చూసింది. "షీట్ చూడలేదా?"

"షీట్ మీది. నాది ప్రచారం."

"ఇప్పుడు చూడండి."

ఫోన్‌లో తెరిచాను. ఆమె వరసలో, 'నేను ఎవరి పేజీలు చూడకూడదు' అన్నచోట ఒకే ఒక్క ఐడీ ఉంది. అది నాది.

"నాలుగు రోజుల కిందట మీ పేజీ ఒకటి పాస్ చేశాను," అంది ఆమె. "తర్వాత చూస్తే కింద నాలుగు లైన్లు లేనే లేవు. చదువుతున్నంతసేపూ మీరు ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. ఇంకెవరి పేజీకీ నాకలా జరగలేదు. వెంటనే మళ్లీ పసుపులో పెట్టేశాను. ఇక మీ పేజీలు చూసే అర్హత నాకెక్కడిది?"

"నాకు చెప్పొచ్చుగా!"

"అందరూ చూసే షీట్‌లో రాశాను కదండీ! లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి మరీ అభినందనలు చెప్పారు. మూడు రోజులుగా నాకు ముద్ద మింగుడు పడట్లేదు. మీరేమో పోస్టర్ బాగుందా అని అడుగుతున్నారు!"

"అమ్మాయీ," అన్నారు మామ్మగారు. "మీ సంగతి తేలేదాకా నా కాలు ఇలా గాల్లోనే ఉండాలా?"

ఆమె నాలిక్కరుచుకుని కాలు దింపించింది. నా గుండె మాత్రం కిందికి దిగలేదు. షీట్‌లో నా వరసలో ఆమె ఐడీ రాశాను.

"నువ్వంటే నాకు ఎనిమిది నెలలుగా ఇష్టం," అన్నాను. 'మీరు' కాస్తా 'నువ్వు' ఎప్పుడైందో నాకే తెలియలేదు. ఆమె దిద్దలేదు.

"మరి ఆ ముప్పై ఏడు పేజీలు ఎవరు చూస్తారు?" అన్నాను కాసేపటికి.

"లైబ్రేరియన్ గారు. ఆయన కామా కూడా వదలరు."

"మరి నువ్వు?"

"నేను నిన్ను చూసుకుంటాను," అంది, గోడవైపు తిరిగి.