ఈగల కోసం కట్టిన మూటలు

పూత చూసి మురిసిపోవడం ఆ ఇంట్లో మూడేళ్ళుగా మానేశారు. పెనుగొలను తోటలో మామిడి చెట్లు ఈసారి కూడా ఆకు కనపడకుండా పూశాయి. పూయడానికేం, నిరుడూ అలాగే పూశాయి. ఆ పూతంతా నల్లబడి రాలిపోయాక ఇంట్లో పచ్చడికి కూడా కాయలు కొనుక్కోవాల్సి వచ్చింది. అందుకని ఆ ఫిబ్రవరి ఉదయం తిరువూరులో జగన్నాథరావు ఇంట్లో ఎవరూ తోట ఊసెత్తకుండా పెసరట్లు తింటున్నారు.

అఖిల్ ఎక్కువసేపు ఊరుకోలేకపోయాడు. జగన్నాథరావుకి మిగిలింది ఈ ఒక్క కొడుకే. హైదరాబాదులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి, అది నచ్చక తిరిగొచ్చి తోట చూసుకుంటున్నాడు. ముందురోజు మామిడి రైతుల మీటింగుకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి అతనికి కడుపులో మాట ఆగడం లేదు.

"నాన్నా, ఈ ఏడు పూత మీద మందు కొట్టొద్దు," అన్నాడు.

"కొట్టకపోతే తేనెమంచు పురుగు నీ మొహం చూసి వదిలేస్తుందా?" అన్నాడు జగన్నాథరావు తల ఎత్తకుండా.

"పురుగు సంగతి పూత విచ్చుకోకముందే చూసుకోవాలంట. విచ్చుకున్నాక కొడితే ఈగలు చచ్చిపోతున్నాయి. మామిడికి పుప్పొడి మోసేది ఎక్కువగా ఈగలేనంట నాన్నా. నిన్నొచ్చిన సైంటిస్టు మేడమ్ వివరంగా చెప్పింది. మనం ఐదేసి సార్లు మందు కొట్టి వాటినే చంపుకుంటున్నాం."

అఖిల్ భార్య కీర్తన నవ్వింది. "ఇంట్లో ఒక్క ఈగ కనపడితే బ్యాట్ పట్టుకుని తిరుగుతాం. ఇప్పుడు తోటలో వాటికి పేరంటం చేయాలా?"

"చేస్తున్నారు మరి. కొన్ని చోట్ల రైతులు కుళ్ళిన చేపల్ని గుడ్డలో మూటకట్టి కొమ్మలకి వేలాడదీస్తారంట. ఆ వాసనకి ఈగలొస్తాయి, పూత మీద వాలతాయి, పిందె నిలబడుతుంది. ఇదిగో, ఫోటోలు కూడా పంపింది," అంటూ ఫోను బల్ల మీద పెట్టాడు.

పొయ్యి దగ్గర అట్టు మాడిన వాసన వచ్చింది. సరోజినీదేవి అట్లకాడ చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. పెనం కేసి చూడటం లేదు.

"ఏం మూటలు?" అంది.

అఖిల్ తల్లి వైపు తిరిగాడు. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచీ అతను అడగాలనుకుంటున్నది కూడా అదే. "అమ్మా, సీత పిన్ని కట్టింది ఇవే కదా?"

జగన్నాథరావు సగం తిన్న అట్టు వదిలేసి లేచాడు. "ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పాను."

"ఏ పిన్ని?" అంది కీర్తన. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్ళయింది. అఖిల్‌కి ఒక పిన్ని ఉన్నట్టు ఆమెతో ఎవరూ చెప్పలేదు.

చెప్పుకునేంత గొప్ప పని చేసిన ఇల్లయితే కదా. సీతారావమ్మ జగన్నాథరావు తమ్ముడి భార్య. నాగాయలంక దగ్గర సముద్రపు గాలి తగిలే పల్లె నుంచి ఈ మెట్ట ఊరికి కాపరానికి వచ్చింది. ఐదేళ్ళు తిరక్కుండానే మొగుడు మోటారు సైకిలు మీద నుంచి పడి చనిపోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి పోకుండా బావగారి ఇంట్లోనే ఉండి, అఖిల్‌కి అన్నం తినిపిస్తూ, తోటకి వెళ్ళొస్తూ రోజులు గడిపింది.

చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చేపలు ఎండబెట్టే దిబ్బ పక్కన ఒక మామిడి చెట్టు ఉండేది. ఊరి నడుమ చెట్లు కాయని ఏడు కూడా ఆ చెట్టు విరగకాసేది. అది చేపలకి ముసిరే ఈగల వల్లేనని సీతారావమ్మ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే కనిపెట్టింది. తిరువూరు వచ్చాక ఒకసారి బావగారికి చెప్పింది. ఆయన ఆ మాట పనివాళ్ళకి చెప్పి, వాళ్ళతో కలిసి పడీపడీ నవ్వాడు. ఆమె మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. సంతలో పారేసే చేపల తలకాయలు తెచ్చి, తోటలో దక్షిణం వైపు వరసకి తనే మూటలు కట్టింది. గుడ్డ కోసం కొత్తగా ఏం కొనలేదు. విధవరాలు కట్టుకోవడానికి వీల్లేని పెళ్ళినాటి ఎర్రచీర పెట్టెలో మూలుగుతోంది కదా, దాన్నే చింపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సరోజినీదేవి చంటిపిల్లాడికి జ్వరం వచ్చింది. అఖిల్ పుట్టిన తొమ్మిదేళ్ళకి లేకలేక పుట్టిన బిడ్డ, ఎనిమిది నెలలవాడు. ఒకపక్క వాడు డొక్కలెగరేస్తుంటే, పాలేరు తోటలోంచి పురుగులు పట్టిన ఎర్రగుడ్డ మూట ఒకటి కర్రకి తగిలించుకుని తెచ్చి వాకిట్లో పడేశాడు. చేతబడి అన్నారు చూసినవాళ్ళంతా. కట్టింది సీతారావమ్మ అని తేలాక ఇక సాక్ష్యంతో పనేముంది. తిప్పికొట్టడానికి ఎవర్నో పిలిపించి రెండు రోజులు నిమ్మకాయలు కోయించారు. మూడోరోజు బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బిడ్డ దక్కలేదు.

"ఈగల కోసం కట్టానక్కా," అంది సీతారావమ్మ. ఆమె ఇచ్చుకున్న సంజాయిషీ అంతా అదే. శవం లేచిన ఇంట్లో ఈగల మాటేమిటని సరోజినీదేవి ఆమె చెంప మీద కొట్టింది. వారం తిరక్కుండా జగన్నాథరావు ఆమెని బస్సెక్కించి పంపేశాడు. ఇరవై నాలుగేళ్ళయింది.

ఈ కథంతా అఖిల్ వంటింట్లో నిలబడే కీర్తనకి చెప్పాడు. చెప్పడం అయ్యాక తల్లి వైపు తిరిగి, "అది చేతబడి కాదమ్మా," అన్నాడు.

"కాదని ఎవరన్నారు? ఆ మేడమ్ చూసిందా నా బిడ్డని?" సరోజినీదేవి గొంతు పెరిగింది. "చేపల సంగతి నిజమే అయ్యుండొచ్చు. మరి నా బిడ్డ ఎందుకు పోయాడు? జ్వరం ప్రతి పిల్లాడికీ వస్తుంది. నువ్వూ చిన్నప్పుడు తెచ్చుకున్నావు. నువ్వు పోలేదే."

"అత్తయ్యా, కూర్చోండి," అని కీర్తన చెయ్యి పట్టుకోబోతే విదిలించింది.

"నన్ను కూర్చోబెట్టకమ్మా. సమాధానం చెప్పమను మీ ఆయన్ని. ఆ మూటలు ఉత్త మూటలైతే నా బిడ్డ ఎందుకు పోయాడో చెప్పమను."

అఖిల్ తండ్రి వైపు చూశాడు. జగన్నాథరావు గడప దగ్గర ఎంగిలి చేత్తో నిలబడి ఉన్నాడు. కడుక్కోవడం మరిచిపోయినట్టున్నాడు.

"నాన్నా, ఆ రోజు డాక్టరు మిమ్మల్ని గదిలోకి పిలిచి ఏం చెప్పాడు?"

"ఏం చెబుతాడు? ప్రయత్నం చేశామన్నాడు."

"నేను వరండాలో బెంచీ మీద ఉన్నాను. మీరు బయటికొచ్చి గోడకి తల కొట్టుకున్నారు. ఏం చెప్పాడు నాన్నా?"

బయట గంపలగూడెం ఆటోవాడు మనుషుల కోసం హారన్ కొడుతూనే ఉన్నాడు.

"న్యుమోనియా అన్నాడు," అన్నాడు జగన్నాథరావు. "రెండు రోజుల ముందు తెచ్చుంటే బతికించేవాణ్ణి అన్నాడు. ఆ రెండు రోజులూ ఏం చేశారని అడిగాడు. నేను చెప్పలేకపోయాను."

సరోజినీదేవి మొగుడి మొహంలోకి చూసింది. ఆ రెండు రోజులు ఆమెకి గంట గంటకీ గుర్తున్నాయి. నిమ్మకాయ కోసినప్పుడల్లా బిడ్డ ఒంటి మీద చెయ్యి వేసి, జ్వరం తగ్గినట్టే ఉందని ఆమే అంది.

"ఇరవై నాలుగేళ్ళు నాకు చెప్పలేదు," అంది.

"చెబితే నువ్వు బతికేదానివి కాదు సరోజినీ. ఎవరో చంపారనుకుని, ఆ కసితోనన్నా లేచి అన్నం తిన్నావు. మన చేతులతో మనమే చేసుకున్నామని ఎలా చెప్పను?"

"సీతని పంపేటప్పుడైనా నోరు రాలేదా మీకు?"

"వచ్చింది. బస్టాండులో వచ్చింది. అప్పటికే టికెట్టు ఆమె చేతిలో పెట్టేశాను." ఆయన గడప మీదే కూలబడ్డాడు. "ఆమె నాకు దణ్ణం పెట్టి బస్సెక్కింది."

ఆయన ఏడవడం అఖిల్ ఎప్పుడూ చూడలేదు. సరోజినీదేవి మాత్రం ఏడవలేదు. పొయ్యి కట్టేసి, మాడిపోయిన అట్టు చెత్తబుట్టలో పడేసి, కొడుకుతో, "కారు తియ్యి. నాగాయలంక పోదాం," అంది.

"మీరూ రండి నాన్నా," అన్నాడు అఖిల్.

"మీరెళ్ళండి. నేను ఆమెకి మొహం చూపించలేను."

దారి పొడుగునా సరోజినీదేవి ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉంది. క్షమించమనాలా? ఆ మాట పెళ్ళిలో వడ్డన ఆలస్యమైతే అంటారు, కాలు తొక్కితే అంటారు. మనిషి వయసంతా తీసేసుకుని కూడా ఆ మాటే అంటే ఎలా? అవనిగడ్డ దాటాక మంచినీళ్ళు అడిగింది, తాగకుండానే సీసా పక్కన పెట్టింది.

సీతారావమ్మ ఇంట్లో లేదు. ఊరి చివర అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోందని వాళ్ళ అన్న చెప్పాడు. అక్కడికి వెళ్ళేసరికి అంగన్‌వాడీ టీచరు గ్లోరి ఎదురొచ్చింది.

"మా ఆయమ్మ కోసమా? ఒక పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడితే ఆసుపత్రికి ఎత్తుకెళ్ళిందండీ, వచ్చేస్తుంది. వస్తుంటే మీకే తెలుస్తుందిలెండి, ఆవిడ గొంతు ఊరంతా వినపడుద్ది. పిల్లాడికి కాస్త జ్వరమొచ్చినా ఊరుకోదు. తల్లి పొలంలో ఉన్నా సరే, చంకనేసుకుని అరుచుకుంటూ పరిగెడుతుంది. మొదట్లో అందరూ విసుక్కునేవాళ్ళు."

సరోజినీదేవికి నమ్మకం కుదరలేదు. తన ఇంట్లో ఉన్నప్పుడు సీత మాట పక్కగదిలోకి కూడా వినపడేది కాదు. మనిషి వేరేమో అనుకుంది. అంతలోనే వీధి మలుపులోంచి పెద్ద గొంతు వినిపించింది. మాత్రలు వేసినా రేపు మళ్ళీ చూపించాలని ఎవరినో కేకలేస్తోంది. తల నెరిసిన సన్నటి మనిషి, చంకలో రెండేళ్ళ పిల్లాడు. వీళ్ళని చూసి దారి మధ్యలోనే ఆగిపోయింది.

"అక్కా," అంది. గొంతు ఒక్కసారిగా ఆనాటిది అయిపోయింది.

పిల్లాణ్ణి గ్లోరికి అందించి దగ్గరికి వచ్చింది. అఖిల్ ఆమె కాళ్ళకి వంగబోతే పట్టుకుని ఆపి, గడ్డం తడిమి చూసింది. "ఎంతవాడివయ్యావు నాన్నా. అన్నం తిన్నారా?"

దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ సరోజినీదేవి నోటికి రాలేదు. "నువ్వు చెప్పింది నిజమేనంట సీతా. ఈగల కోసమేనంట," అంది చివరికి.

"అవునక్కా," అంది సీతారావమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఆ ఏడు దక్షిణం వరస కాసిందా? నేను చూడకుండానే వచ్చేశాను."

సరోజినీదేవి తల దించుకుంది. కాసింది. చెట్టుకి ఊతకర్రలు పెట్టాల్సి వచ్చేంతగా కాసింది. ఆ కాయలు ముట్టుకోవడానికి భయపడి గోతిలో పూడ్పించేశారు. అది చెప్పింది. డాక్టరు అన్న మాట కూడా చెప్పింది. నిమ్మకాయల రెండు రోజులే బిడ్డని తీసుకుపోయాయని చెప్పింది.

అంగన్‌వాడీ మెట్టు మీద సీతారావమ్మ మెల్లగా కూర్చుంది.

"రెండు రోజుల ముందా?" అంది. "అయితే నేననుకున్నదే నిజమక్కా."

"ఏం అనుకున్నావు?"

"ఆ మొదటిరోజు పొద్దున నువ్వు బాబుని ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చున్నావు. నేను నీ వెనక నిలబడి, 'బెజవాడ తీసుకెళ్ళక్కా, డొక్కలెగరేస్తున్నాడు' అన్నాను. నువ్వు తిరిగి చూడలేదు. నీకు వినపడలేదేమో అనుకున్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా. ఇంకోసారి గట్టిగా అందామని నోరు తెరిచి, వాకిట్లో అంతమందిని చూసి భయపడిపోయాను." ఆమె చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేతబడి చేశానన్నారు, అది నేను చేయలేదని నాకు తెలుసు కాబట్టి తట్టుకున్నాను. ఇది మాత్రం తట్టుకోలేకపోయానక్కా. ఆ ఒక్కసారి గట్టిగా అరిచుంటే బాబు బతికేవాడు. నిజంగా నీకు వినపడలేదా?"

వినపడలేదు అంటే సరిపోయేది. మోయలేని బరువులో సగం పక్కమనిషి నెత్తికి వెళ్ళిపోయేది. ఆ మనిషి ఎలాగూ ఇరవై నాలుగేళ్ళుగా మోస్తూనే ఉంది, ఇకముందూ మోసేది. సరోజినీదేవికి ఆ ఆలోచన రాలేదని కాదు. వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె మెట్టు మీద సీతారావమ్మ పక్కన కూర్చుని ఆమె రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది.

"వినపడింది సీతా," అంది. "ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. వినే తిరిగి చూడలేదు. నువ్వు అరిచినా నేను కదిలేదాన్ని కాదు. నీ తప్పు ఏమీ లేదమ్మా. ఏమీ లేదు."

సీతారావమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత తోడికోడలి భుజం మీద తల పెట్టి, ఊరంతా వినపడేలా ఏడ్చింది. సరోజినీదేవికి కూడా అప్పుడే ఏడుపు వచ్చింది. లోపల పాట పాడుతున్న పిల్లలు ఆపేశారు. గ్లోరి గుమ్మం దాకా వచ్చి ఇద్దరినీ చూసి, తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్ళిపోయింది.