మైకు వదలండీ!

"మీ గొంతు వింటే చాలు, వంజరం చేపలు పారిపోతాయండీ!"

ఉదయం వేట బోటు జెట్టీ దాటుతుండగా వైర్‌లెస్‌లో దాన్ని నడిపే కుర్ర సరంగు అన్న మాట అది. హార్బర్ రేడియో గదిలో కూర్చుని బోట్లకు వాతావరణం చెప్పే అమ్మాయికి ఒళ్ళు మండింది.

"గాలి మారితే పిలుస్తాను. పిలవగానే తిరిగి రావాలి. ఓవర్."

"గాలి మారే ముందే కదా వంజరం బాగా పడేది! సరిగ్గా అప్పుడే పిలుస్తారు. నా మీద పగా?"

"అవును, పగే. ఓవర్!"

మూల కూర్చుని గేలం తాడు చిక్కు తీస్తున్న ఆమె తండ్రి, ఒకప్పటి సరంగు, మీసాల్లో నవ్వుకున్నాడు. ఆమె చూడనట్టు నటించింది.

మధ్యాహ్నానికి ఆ నవ్వు ఎగిరిపోయింది. అనుకున్నదానికన్నా ముందే ఈదురుగాలి వస్తోందని వాతావరణ కేంద్రం నుంచి ఫోన్. ఆమె మైకు అందుకునేసరికి వైర్‌లెస్ సెట్లో అప్పటికే ఎవరో మాట్లాడుతున్నారు.

"లాగు మావయ్యా, లాగు! పళ్ళు చూశావా? వేలు జాగ్రత్త!"

అతనే. బోటులో మైకు బటన్ దేనికిందో నొక్కుకుపోయింది. అది వదిలేదాకా ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా అతనికి వినబడదు.

"మిగతా బోట్లకి నేను ఫోన్ చేస్తా. అతనికి ఫోన్ అందదు. నువ్వు పిలుస్తూనే ఉండు" అన్నాడు తండ్రి.

నిలబడ్డ బోటుకు వంజరం చిక్కదు. పొడుగాటి గేలం తాళ్ళు వెనక వదిలి, బోటును పరిగెత్తిస్తూనే ఉండాలి. అలా పరిగెత్తించి అతను అందరికన్నా లోపలికి పోయాడు. ఆమె పిలిచింది, మళ్ళీ పిలిచింది. కిటికీ బయట సముద్రం నల్లబడుతోంది.

సెట్లో మావయ్య గొంతు. "ఆ అమ్మాయి పిలవగానే ఇంత వేటా వదిలేసి పరిగెత్తుతావేంరా? పిరికివాడంటున్నారు నిన్ను."

"అననీ. జెట్టీ చేరగానే 'వచ్చేశారా' అంటుంది చూడు. ఆ మాట ముందు ఈ వంజరాలన్నీ దిగదుడుపే!"

"ఆ ముక్క ఆమెకే చెప్పొచ్చుగా?"

"గాలివానంటే భయం లేదు మావయ్యా. ఆవిడంటేనే."

ఇంకో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు ఏడుపొచ్చింది. అతని ఊపిరి కూడా వినబడుతోంది, తన మాట ఒక్కటీ చేరడం లేదు. తండ్రి ఎదురుగా ఉన్నాడన్నది మరిచిపోయి, "ఆ మైకు వదలండీ!" అని అరిచింది.

సెట్లో ఇంజను రొద, దాని మీదుగా మళ్ళీ అతని గొంతు.

"మావయ్యా, ఇంత మబ్బు పట్టినా ఆవిడ తిట్టలేదేంటి? ఇంతసేపు ఊరుకునే మనిషి కాదే! సెట్ చూడు ఒకసారి."

"ఓరి నాయనో! గేలాల పెట్టె మైకు మీద పెట్టావురా!"

పెట్టె తీశారేమో, సెట్లో టక్కుమంది. ఆమె బటన్ నొక్కింది.

"తిరగండి! తాళ్ళు కోసేసి తిరగండి, ఈదురుగాలి! చేపలొద్దు, ఏమీ వద్దు, మీరు రండి!"

"తిరిగాం" అన్నాడు. వాదించలేదు. ఆ తర్వాత సెట్లో గరగర మాత్రమే మిగిలింది.

సెట్ తండ్రికి అప్పగించి, వాకీటాకీ పట్టుకుని ఆమె జెట్టీ మీదికి పరిగెత్తింది. గొడుగు మొదటి గాలికే తిరగబడింది. మిగతా బోట్లన్నీ చేరాయి. ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడింది. ఎంతసేపటికో వానలో ఒక దీపం, దాని వెనకే బోటు కనిపించాయి.

అతను జెట్టీ మీదికి దూకాడు. నిలువునా తడిసి ఉన్నాడు.

"ఏం... ఏం విన్నారు?"

"అంతా."

"ఇంకెవరైనా?"

"హార్బరంతా!"

అతను తల దించుకున్నాడు. "అందుకేనా, ఇవాళ 'వచ్చేశారా' అనలేదు?"

"ఇకనుంచి జెట్టీ మీద అనను." ఆమె వాకీటాకీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "మనింటి గుమ్మంలో నిలబడి అంటాను. సరేనా?"

జెట్టీకి కట్టిన బోట్లన్నిట్లోంచీ ఒక్కసారిగా ఈలలు! రేడియో గది కిటికీలోంచి తండ్రి తల బయటికి పెట్టాడు.

"అమ్మాయ్! ఆ బటన్ వదలవే, ఊరంతా వింటోంది! అల్లుణ్ణి లోపలికి తీసుకురా, తడిసిపోతున్నాడు!"