ఎడమకు తిరిగిన చుట్టు

"ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టిగా అరిచే పికప్‌లు ఇవ్వండి."

షాపులోకి వస్తూనే అతనన్న మొదటి మాట అది. నల్ల టీషర్టు మీంచి వాననీళ్ళు ధారగా కారుతున్నాయి. భుజాన ఉన్న గిటార్ సంచి మీద మాత్రం చుక్క తడి లేదు. గొడుగంతా దానికే పట్టుకొచ్చాడన్నమాట.

ఆ సంగతి ఆమె గమనించింది. గమనించినట్టు కనపడనివ్వలేదు.

"అరవడానికి పికప్ ఎందుకండీ? ఎదురింటి కుక్కని ఇప్పిస్తాను, తీసుకెళ్ళండి," అంది తల ఎత్తకుండానే.

వెనక గదిలో నాయనమ్మ కిసుక్కున నవ్వింది. నాయనమ్మ చెవులకి ఫోను మోగితే వినపడదు గానీ, ఎవరైనా ఎవరినైనా ఒక మాట అంటే మాత్రం గోడ అవతలున్నా వినపడుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్లు బాగుచేసే ఆ షాపు నాన్నది. పికప్‌లు చుట్టే పని ఆమెది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగని కొన్ని వేల చుట్లు చుడితే పికప్ అవుతుంది. పైన గిటార్ తీగ వణికితే ఆ వణుకుని పట్టుకుని స్పీకరుకి పంపించేది అదే. గిటార్‌కి చెవీ అదే, గొంతూ అదే. గిటార్ వాయించేవాళ్ళంతా ఆమెని చుట్లమ్మాయి అనేవారు. ఆ పేరు ఆమెకి ఇష్టమే.

ఇష్టం లేనిది ఒక్కటే. నాన్న చుట్టిన ప్రతి పికప్ అడుగునా ఇత్తడి రేకు మీద పువ్వు ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూసి స్టేజి మీద వాయించేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఐదేళ్ళుగా చుడుతున్నా ఆమె పికప్‌లకి ఏ ముద్రా లేదు. అవి ఇంట్లో కూర్చుని నేర్చుకునే పిల్లలకి పోయేవి. అడిగితే నాన్న ఒకటే మాట: "నీ పికప్ ఒక్కసారి స్టేజి ఎక్కి, కంప్లైంట్ లేకుండా దిగనీ అమ్మడూ. ఆ రోజే నీ ముద్ర నీ చేతిలో పెడతాను."

"మీరు నవ్వుతారేంటండీ, మాది హెవీ మెటల్ బ్యాండు," అన్నాడతను. "పదిహేను రోజుల్లో టౌన్ హాల్లో షో. ఐదు బ్యాండ్లు వాయిస్తున్నాయి. మా సౌండు మిగతా నాలుగు బ్యాండ్ల సౌండునీ మింగెయ్యాలి."

"ముందు వాయించండి. ఎవరు ఎవర్ని మింగుతున్నారో వింటాను."

వాయించాడు. షాపు అద్దాలు గజగజలాడాయి. నాయనమ్మ గది తలుపు వేసుకుంది. చేతివేగం బాగుందని ఆమెకి రెండు నిమిషాల్లోనే తెలిసిపోయింది. శబ్దం మాత్రం ముద్దముద్దగా ఉంది.

"తీగల శ్రుతి బాగా కిందికి దించి వాయిస్తున్నారు కదా?"

"మెటల్ అంటే అంతే కదండీ."

"పిడుగు పడ్డాక మిగిలిన పొగలా ఉంది మీ సౌండు. పిడుగేదీ?"

అతని మొహం ఎర్రబడింది. "అందుకేగా కొత్త పికప్‌లు అడుగుతున్నాను! ఇంకా ఎక్కువ చుట్లున్నవి పెట్టండి."

"ఇంకా పొగ వస్తుంది. చుట్లు మరీ పెరిగితే శబ్దం బలుస్తుంది గానీ మాట తెలీదు. నోటినిండా నీళ్ళు పోసుకుని అరిచినట్టుంటుంది. అలా అరుస్తానంటే మీ ఇష్టం. నేను మాత్రం పెట్టను."

"కస్టమర్ అడిగింది ఇవ్వరా?"

"డాక్టరు దగ్గరికెళ్ళి ఏ మందు కావాలో మీరే చెప్తారా?"

అప్పటిదాకా మూల కూర్చుని గిటార్ మెడ ఒకటి సరిచేస్తున్న నాన్న కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "పంతాలెందుకు? గోడ వైపు తిరిగి వినమను, అమ్మడూ."

షాపులో వినిపించడానికే ఒక గిటార్ ఉంది. వెనక గాడిలోంచి పికప్‌ని సొరుగులా లాగి ఇంకోటి తొయ్యొచ్చు. ఆమె అతన్ని గోడకి ఎదురుగా నిలబెట్టి, ఒకే పాట ముక్కని మూడు పికప్‌లతో వాయించింది. మొదటిది బజారులో దొరికే గట్టి రకం. రెండోది ఆమెది. మూడోది నాన్నది.

"రెండోది," అన్నాడు అతను.

"మళ్ళీ వినండి." ఈసారి వరస మార్చి వాయించింది.

"ఇప్పుడు మొదటిది. ఇందాకటిదే ఇది." అతని గొంతులో పొగరంతా పోయింది. "దెబ్బ దెబ్బకీ ప్రతి తీగా విడివిడిగా వినపడుతోంది. ఎవరు చుట్టారండీ?"

తలుపు సందులోంచి నాయనమ్మ తల బయటికి పెట్టింది. "గోడ వైపు చూస్తే ఎలా కనపడుతుందయ్యా? ఇటు తిరుగు."

తిరిగాడు. ఆ చూపుకి ఆమె బల్ల మీది స్క్రూలన్నీ డబ్బాలో పోసి, మళ్ళీ బల్ల మీద పోసింది.

రెండు పికప్‌లు చుట్టాలని తేలింది. బ్రిడ్జి దగ్గర, అంటే తీగలు కింద ఆనే చోట, పెట్టేది పదునుగా ఉండాలి. మెడ దగ్గరది కాస్త మెత్తగా ఉండాలి. ఆర్డరు రాసుకుంటూ నాన్న అతనితో అన్నాడు: "ఒక్క సంగతి బాబూ. షో అయ్యాక లోపమేదైనా ఉంటే మొహమాటపడకుండా నాకు చెప్పాలి. మా అమ్మాయి ముద్ర నీ మాట మీద ఉంది."

"నాకెవరి మొహమాటమూ అక్కర్లేదు," అందామె.

*

అతను పగలు లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ సంగతి రెండో రోజు తెలిసింది, గ్రీజు చేతులతో 'పని ఎంతవరకు వచ్చిందో' చూడ్డానికి వచ్చినప్పుడు. మూడో రోజూ వచ్చాడు. నాలుగో రోజు వచ్చేసరికి నాయనమ్మ, "ఇవాళ మా ఇంటి లిఫ్టేమైనా ఆగిందా నాయనా?" అని అడిగింది. ఆ ఇంటికి ఉన్నవి ఐదే మెట్లు.

బ్రిడ్జి పికప్ అప్పటికి తయారైపోయింది. ఆ మధ్యాహ్నం మెడ దగ్గరది చుడుతోంది. ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చుంది. అతను కుడి పక్కన నిలబడి తీగ చుట్టే మిషను వంక చూస్తున్నాడు. మిషను వంకేనా? ఆమె వేళ్ళ మధ్య తీగ తెగింది. మళ్ళీ ముడేసింది. మళ్ళీ తెగింది. ఐదేళ్ళలో ఒక్కరోజున రెండుసార్లు తీగ తెగడం అదే మొదలు.

"మీ నీడ పడుతోంది," అంది.

"కిటికీ అటు వైపుంది కదండీ, నీడ ఇటెలా పడుతుంది?"

ఆమె స్టూలు లాక్కుని బల్లకి అవతలి వైపు వెళ్ళి, అతని వంక చూడకుండా మిషను మీదికి వంగి కూర్చుంది. అటు నుంచి తీగ చేతికి తిన్నగా రావడం లేదు. మోటారు తిరిగే వైపు మార్చే స్విచ్ అటు నుంచి ఇటు వేసింది. తీగ చక్కగా వచ్చింది. బయట వాన మొదలైంది. ఇవతల నుంచి అతను, పన్నెండో అంతస్తుకీ పదమూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన పెళ్ళికొడుకు కథ చెప్తున్నాడు. ఆమె నవ్వకూడదని పెదవి కొరుక్కుంటూ నాలుగు వేల ఎనిమిది వందల చుట్లు చుట్టింది. ఆ పికప్‌లో పక్కపక్కన రెండు తీగచుట్టలుంటాయి; రెండోదీ అలాగే, అటు వైపే కూర్చుని చుట్టింది.

బిగించాక దేనికదిగా వాయించి చూసింది. రెండూ బ్రహ్మాండంగా పలికాయి. స్విచ్‌కి మూడు స్థానాలు: బ్రిడ్జి, మెడ, మధ్యలో రెండూ కలిపి. మధ్యది ఆమె చూడలేదు. మెటల్ వాళ్ళు మధ్య స్థానం ముట్టుకుంటారా ఏమన్నానా?

*

షోకి ముందురోజు పొద్దున్నే రిహార్సల్‌కి రమ్మన్నాడు. కార్ల గ్యారేజీ పైన రేకుల గది. డ్రమ్ముల దెబ్బకి కింద స్పానర్లు గంతులేస్తున్నాయి. అతను వాయిస్తుంటే ఒక్కో దెబ్బా మేకు దిగ్గొట్టినట్టు పడుతోంది. చప్పట్లు కొడితే బావుండదని ఆమె గర్వంగా చేతులు కట్టుకుంది.

చివరి పాట నెమ్మదిగా, ఒక్క గిటార్‌తో మొదలవుతుంది. అతను స్విచ్ మీద వేలు పెట్టాడు. మధ్యకి తేబోయి, ఆగి, మెడ పికప్ మీదికే తోసేశాడు. డ్రమ్మరు అడిగాడు, "అదేంట్రా, ఈ పాట స్విచ్ మధ్యలో పెట్టి కదా కట్టావు?"

"ఇలాగే బాగుంది, కానివ్వు," అన్నాడతను గబగబా.

ఆమె లేచి వెళ్ళింది. "మధ్యలో పెట్టండి."

"అక్కర్లేదులెండి."

ఆమే చెయ్యి చాపి స్విచ్ మధ్యకి వేసి తీగ మీటింది. అంతటి గిటారూ ఖాళీ రేకుడబ్బాలా మోగింది. రెండు పికప్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఒకటి ముందుకి తోస్తే ఒకటి వెనక్కి లాగుతోంది.

ఆమె స్విచ్ మీంచి చెయ్యి తీసేసింది. "మీకెప్పుడు తెలిసింది?"

అతను నేల చూశాడు. "తీసుకెళ్ళిన రోజే. పై అంతస్తు నొక్కినప్పుడు లిఫ్టు కిందికి పోతే మేం ముందు చూసేది వైర్లే. ఏదో ఒకటి తిరగబడిందని అర్థమైంది."

"మరి చెప్పలేదేం?"

"మీ నాన్నగారు ముద్ర గురించి చెప్పారు కదా. షో అయ్యాక చెప్పొచ్చులే అని..."

"ఓహో. జాలిపడ్డారన్నమాట."

"జాలి కాదండీ..."

"మొదటి రోజు నన్ను నమ్మకుండా గొడవపడ్డారు చూడండి, అప్పుడే మీరు నాకు ఎక్కువ మర్యాదిచ్చారు. ఒకళ్ళు దాచిపెడితే వచ్చే ముద్ర నాకొద్దు." గిటార్ సంచిలో పెట్టి భుజాన వేసుకుంది. "సాయంత్రానికి వస్తుంది."

మెట్ల దాకా వెనకే వచ్చాడు. "నేనే ఓపెన్ చేసి వైర్లు మార్చుకునేవాణ్ణి, తెలుసా? చెయ్యబుద్ధి కాలేదు. అది మీ పని. మీ పని మీద నా చెయ్యి పడకూడదనిపించింది."

ఆమె మెట్టు మీద ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

*

"కంప్లైంట్ వచ్చింది నాన్నా."

నాన్న పని ఆపాడు. "ఎవరి దగ్గర్నుంచి?"

"నా దగ్గర్నుంచి."

గిటార్ బల్ల మీద పెట్టి, జరిగింది దాచకుండా చెప్పింది. మధ్య స్థానం తను చూడలేదని, మెటల్ వాళ్ళని తక్కువ అంచనా వేశానని కూడా చెప్పింది. నాన్న పాత ముల్లు మీటరు తీశాడు. బ్రిడ్జి పికప్‌కి తగిలించి, పైన స్క్రూడ్రైవర్ ఆనించి లాగాడు. ముల్లు కుడికి గెంతింది. మెడ పికప్‌కి తగిలించి అలాగే లాగాడు. ముల్లు ఎడమకి గెంతింది.

"తిరగ చుట్టావు," అన్నాడు నాన్న. తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. "ఐదేళ్ళలో నీ చెయ్యి ఒక్కనాడూ ఎడమకి తిరగలేదే. ఆ రోజు బల్లకి అవతలెందుకు కూర్చున్నావు?"

ఆమె మీటరు వైర్లు సర్దసాగింది. నాయనమ్మ ఊరుకోలేదు. "ఇవతలెవరు నిలబడ్డారో అడగరా!"

"నాయనమ్మా!"

"నన్నంటావేం? ముల్లే చెప్తోంది."

నాన్న నవ్వలేదు గానీ మీసం కదిలింది. సోల్డరింగ్ ఐరన్ ఆమె చేతికిచ్చాడు. "రెండు వైర్లు అటుదిటు మార్చు. పది నిమిషాల పని."

మార్చింది. ఈసారి మూడు స్థానాలూ చూసింది. ఒకటికి పదిసార్లు చూసింది.

*

టౌన్ హాలు కిక్కిరిసిపోయింది. నాన్న చెవుల్లో దూది పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. నాయనమ్మ దూది వద్దంది. "ఇన్నాళ్ళకి నాకు వినపడే పాట దొరికింది, ఎందుకు మూసుకోవాలి?"

నాలుగో బ్యాండు వాళ్ళది. అతను మొదటి దెబ్బ కొట్టగానే ఆమె పక్కనున్న కుర్రాళ్ళు ఇద్దరు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "పికప్‌లు ఎక్కడివిరా వీడివి?" అన్నాడొకడు. ఆమె నిటారుగా కూర్చుంది. ఆ ఒక్క ప్రశ్న కోసం ఐదేళ్ళు ఆగింది మరి.

చివరి పాటకి దీపాలు తగ్గాయి. అతను స్విచ్ మధ్యకి తెచ్చాడు. సభలో వెతికి, ఆమె ఎక్కడుందో చూసుకుని, అప్పుడు తీగ మీటాడు. రెండు పికప్‌లూ ఒక్క గొంతుతో పలికాయి. హాలంతా స్టేజి వైపు వంగింది. నాయనమ్మ సైతం కుర్చీ అంచుకి జరిగింది.

షో అయ్యాక స్టేజి వెనక నాన్న అతన్ని పట్టుకున్నాడు. "ఏం బాబూ, కంప్లైంట్ ఏమన్నా ఉందా?"

"ఉందండీ," అన్నాడతను.

ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"ఇంక మీ షాపుకి రావడానికి నాకు సాకు లేకుండా చేసేసింది మీ అమ్మాయి."

నాన్నకి దూదిలోంచి వినపడలేదు. "ఏమిటీ?"

"సాకు లేదంటున్నాడురా!" నాయనమ్మ అరిచింది. "నాయనా, సాకెందుకు? తలుపుందిగా. మా వాడు ఏమీ అనడు. అన్నా దూది పెట్టుకున్నాడు, నీ జవాబు వినపడదు."

నాన్న దూది తీసి జేబులో వేసుకున్నాడు. ఆ జేబులోంచే కొత్త ఇత్తడి ముద్ర తీసి కూతురి అరచేతిలో పెట్టాడు. దాని మొహం నున్నగా, ఖాళీగా ఉంది. "కంప్లైంట్ లేదని కాదు ఇస్తున్నది. నీ తప్పు నువ్వే పట్టి నా ముందు పెట్టావు చూడు, అందుకు. గుర్తు నువ్వే చెక్కుకో."

ఆమె కళ్ళు తడయ్యాయి. అతను పక్కకి వచ్చి నిలబడ్డాడు, కుడి పక్కకే.

"ఏం గుర్తు చెక్కుతారు? పువ్వా?"

"పువ్వు నాన్నది. నేను బాణం చెక్కుతాను. ఎడమకి తిరిగిన బాణం."

"ఎడమకా? ఎవరైనా అడిగితే ఏం చెప్తారు?"

"నా చెయ్యి ఒకే ఒక్కసారి దారి తప్పిందని చెప్తాను." మొదటిసారి తలెత్తి తిన్నగా అతని కళ్ళలోకి చూసింది. "ఎందుకు తప్పిందో నువ్వు చెప్పుకో."

'మీరు' ఎక్కడ పోయిందో అతను వెతకలేదు. గిటార్ సంచి తీసి ఆమె భుజాన వేసి, బయట వాన పడుతుంటే ఈసారి గొడుగు ఆమెకి పట్టాడు.