ఇనుప పెనం ముందు మూడో అతిథి

"ఇద్దరు డ్యాం ఇంజనీర్లు. ఒకే హోటల్. ఇద్దరూ తిన్న చెయ్యి కడుక్కోకముందే పోయారు. గుండెపోటని బయట చెప్పాం. అసలు సంగతి సైనైడ్," అన్నాడు చీఫ్. "ఈ సాయంత్రం మూడోవాడు, రామ్‌దాస్. అతను పోతే పోచంపాడ్ డిజైన్ మొత్తం తెలిసినవాడు మిగలడు."

ఏజెంట్ అయ్యూబ్ కుర్చీలోంచి లేచాడు. రామ్‌దాస్ వేల్పూర్‌లో తన పక్కింటివాడు. చిన్నప్పుడు తనను భుజాల మీద మోసినవాడు.

"డిన్నర్ ఆపేద్దాం సార్."

"ఆపితే దీని వెనకున్న విదేశీ ముఠా మాయం. విషం ఎవరు పెడుతున్నారో తేల్చు. లోపల అతిథులకు వడ్డించే పనిలో మన ఏజెంట్ రషీదా ఉంది."

బోధన్‌లో చక్కెర మిషన్లు బిగించడానికి వచ్చిన జపాన్ వాళ్ల కోసం నిజామాబాద్ స్టేషన్ రోడ్డులో తెరిచిన తెప్పన్‌యాకి హోటల్ అది. మంచమంత ఇనుప పెనం, చుట్టూ అతిథులు. వంటవాడు వాళ్ల కళ్లముందే మాంసం, ఉల్లిగడ్డలు వేయించి పంచుతాడు. తినేది అందరూ, చచ్చేది ఒక్కడు! అదెలా?

పెట్టుడు గడ్డంతో, వెయిటర్ వేషంలో అయ్యూబ్ రషీదాను సమీపించాడు. ఆకుపచ్చ షిఫాన్ చీరలో మెరిసిపోతోంది.

"మేడం, రెంజల్ బస్సు పోయిందా?"

"పోలే. డ్రైవర్ చాయ్ తాగుతున్నడు."

కోడ్ సరిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు, పిచ్చివాడు!

వంటవాడి చేతుల మీంచి అయ్యూబ్ చూపు తిప్పలేదు. ఆ చేతుల్లో ఏ తప్పూ కనబడలేదు. రషీదా నవ్వుతూ, "సప్పగుంటది సార్," అని రామ్‌దాస్ ప్లేటులో ఇంత ఉప్పు చల్లింది.

రామ్‌దాస్ మొహం చిట్లించాడు. "పసుపు లేంది నాకు ముద్ద దిగదమ్మా." జేబులోంచి పొట్లం తీసి దులిపాడు. పసుపు పండించే ఇల్లు మరి, ఎక్కడికెళ్లినా పొట్లం వెంట ఉండాల్సిందే.

తడి ఉల్లిగడ్డల మీద పసుపు ఎర్రబడింది.

యా అల్లా! సున్నం తగిలితే పసుపు కుంకుమవుతుందని వేల్పూర్‌లో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఉప్పుకు ఆ గుణం లేదు. సైనైడ్‌కు ఉందని ట్రైనింగ్‌లో చెప్పారు.

ముక్క రామ్‌దాస్ పెదవులకు తాకబోతోంది. అయ్యూబ్ ట్రే విసిరాడు. ముక్క ఎగిరిపోయింది. రషీదా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసేలోపే మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

"కోడ్ మంచిగనే చెప్పిన గదా!" రషీదా పళ్లు కొరికింది. "ఎట్ల దొరికిన?"

"ముఠా కోసం కోడ్ నేర్సుకున్నవు. మావోళ్ల తిండి నేర్సుకోలే."

"నీకు పిచ్చి లేసిందా ఏంది!" రామ్‌దాస్ అరిచాడు. అయ్యూబ్ గడ్డం పీకేశాడు.

"నేనే అన్న. మీ పక్కింటి అయ్యూబ్‌ను. ఆమె చల్లింది ఉప్పు గాదు, విషం."

రామ్‌దాస్ ఎర్రబడ్డ ప్లేటును దూరంగా నెట్టాడు. అయ్యూబ్‌ను గట్టిగా వాటేసుకున్నాడు.

మర్నాడు చీఫ్ అడిగాడు. "బటన్ కెమెరా, లైటర్ పిస్టల్ ఇచ్చాం కదా. ఏది పనికొచ్చింది?"

"రామ్‌దాస్ అన్న జేబు, సార్."