మాయమైన పైమట్టి

"నేను ఏ మందూ కొట్టలేదమ్మా!" అంటూ గుమ్మంలోనే కూలబడింది తోటమాలి.

డిటెక్టివ్ ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. డిటెక్టివ్‌కి తోడికోడలూ, సహాయకురాలూ అయిన చిన్నావిడ నోట్‌బుక్ తెరిచింది.

బడికి కొత్త భవనం కట్టేముందు పాత ఆటస్థలం పైమట్టిని తీసి, ఓ మూల కుప్పపోసి, టార్పాలిన్ కప్పారు. భవనం పూర్తయ్యాక దాన్ని పిల్లల తోటలో పరిచారు. నాటిన అరవై మొక్కలూ పది రోజుల్లో వాడిపోయాయి. తోటమాలి కలుపుమందు కొట్టిందన్నాడు భవనం కట్టించిన ఇంజినీరు. హెడ్‌మిస్ట్రెస్ నమ్మి ఆమెను పనిలోంచి తీసేసింది.

"బంగారంలాంటి మట్టమ్మా. ఎక్కడ తవ్వినా పాత బలపం ముక్కలొచ్చేవి. ఈసారి ఒక్కటీ కనపడలేదు," అంది తోటమాలి.

మధ్యాహ్నం ఇద్దరూ బడికి వెళ్లారు. తోటలో నీళ్లు ఇంకకుండా నిలిచున్నాయి. మట్టి బూడిదరంగులో, జిగటగా ఉంది.

"ఎనిమిది నెలలూ ఆ కుప్పను ఎవరూ కదపలేదు," అన్నాడు ఇంజినీరు, అడక్కముందే.

మూలన మిగిలిన మట్టిని డిటెక్టివ్ పారతో తొలగించింది. అడుగున గడ్డి పాలిపోయింది గానీ చావలేదు.

"కుప్ప దగ్గరికి ఎవరైనా వచ్చారా?" వాచ్‌మన్‌ని అడిగింది.

"నేనుండగా రాలేదమ్మా. నెల కిందట నాలుగు రోజులు ఊళ్లో లేను. కొత్తిల్లు కట్టుకునే హడావుడిలో ఉండి కూడా ఇంజినీరుగారే పిలిచి సెలవిచ్చారు. దేవుడిలాంటి మనిషి!"

"అక్కా, నాకు ఈ వాచ్‌మన్ మీదే అనుమానం," గొణిగింది చిన్నావిడ.

"పొద్దున తోటమాలి మీద అన్నావుగా!"

మర్నాడు డిటెక్టివ్ అందరినీ ఇంజినీరు కొత్తింటికి తీసుకెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ వెంట ఉండటంతో అతను కాదనలేకపోయాడు. పెరట్లో పచ్చిక పరుపులా ఉంది.

"ఎనిమిది నెలలు మట్టికింద ఉన్న గడ్డి కుళ్లిపోవాలి," అంది డిటెక్టివ్ ఇంజినీరుతో. " అది బతికుందంటే, ఆ కుప్ప ఈమధ్యే పోసింది. హడావుడిలో పాతచోటు దాటి పక్కనున్న గడ్డిమీద పోశారు. అది పునాదిలోంచి తీసిన బంకమట్టి. వాచ్‌మన్ లేనిది ఆ నాలుగు రోజులే. అతన్ని పంపింది మీరే."

చిన్నావిడ పచ్చిక అంచున పార దించింది. నల్లటి మట్టితోపాటు బలపం ముక్కలు నాలుగు బయటపడ్డాయి.

ఇంజినీరు మొహం మాడిపోయింది. "మట్టేగా! ఎవరి మెళ్లో గొలుసైనా తెంపానా?"

"ఈ మట్టి తయారవడానికి ఎన్ని తరాలు పట్టిందో మీకు తెలుసు. తెలిసే ఎత్తుకొచ్చారు. మొక్కలు చచ్చిన నేరం ఈమె నెత్తిన రుద్దారు."

"ఇదంతా రేపటికల్లా బడికి చేరాలి. నేనిచ్చే ఫిర్యాదు సంగతి పోలీసులు చూసుకుంటారు," అంది హెడ్‌మిస్ట్రెస్. తర్వాత తోటమాలి వైపు తిరిగింది. "తప్పు నాదమ్మా. మళ్లీ పనిలోకి వస్తావా?"

తోటమాలి పార దించినచోటికి వెళ్లింది. మోకాళ్లమీద కూర్చుని మట్టిపెడ్డ విడదీసింది. ఓ వానపాము మెలికలు తిరిగింది.

"బతికే ఉన్నాయి," అని, అప్పుడు ఏడ్చింది.